పెదవులు కలిసే చోట

పెదవులు రెండూ తగిలితే తప్ప బయటికి రాని అక్షరాలు తెలుగులో ఐదున్నాయి. ప, ఫ, బ, భ, మ. ఖైరతాబాద్ సర్కారు బడిలో పలక మీద వాటిని దిద్దిన రోజుల్లో, ఇవే రేపు నీకు అన్నం పెడతాయి అని ఎవరన్నా నమ్మేదాన్ని కాదు. డబ్బింగ్ థియేటర్ చీకట్లో నిలబడి, తెర మీద పిల్లవాడి పెదవులు ఎప్పుడు కలుస్తాయా అని చూస్తూ ముప్పయ్యేళ్లు గడిపాను. వాడి పెదవులు కలిసిన క్షణానే నావీ కలవాలి. మిగతా అక్షరాలు కాస్త ముందూ వెనకా అయినా చూసేవాళ్లు ఊరుకుంటారు. ఈ ఐదింటి దగ్గర తప్పితే, అక్షరం ముక్క రాని మనిషికి కూడా ‘ఇది డబ్బింగు బొమ్మ’ అని తెలిసిపోతుంది.

ఈ సంగతి సినిమావాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. గోలకొండను కుతుబ్‌షాహీలు ఏలిన కాలంలో మరింగంటి సింగరాచార్యుడనే కవి ‘దశరథరాజనందన చరిత్ర’ అని ఒక కావ్యం రాశాడు. అది నిరోష్ఠ్య కావ్యం. అంటే పెదవులు కలిసే అక్షరం ఒక్కటి కూడా పడకుండా రామకథ మొత్తం చెప్పడం. రాముడు అంటే ‘మ’ దగ్గర పెదవులు కలుస్తాయి కదా, అందుకే పేరులోనే ‘దశరథరాజనందనుడు’ అయ్యాడు. డబ్బింగ్ రచయిత పక్కన కూర్చుని, ఇక్కడ పెదవి తగులుతోంది, ఇంకో మాట చూడండి సార్ అని అడిగినప్పుడల్లా నాకు ఆ కవి గుర్తొచ్చేవాడు. మా పనికి ఈ నేల మీద నాలుగు వందల ఏళ్ల నాటి పెద్దమనిషి ఒకాయన ఉన్నాడని మనసులో ఒక ధైర్యం.

నేను పుట్టింది 1954లో, ఖైరతాబాద్ రైల్వే గేటుకు ఇవతలి గల్లీలో. ఆ ఏడే మా బస్తీలో సింగరి శంకరయ్యగారు ఒక అడుగు ఎత్తు గణపతిని నిలబెట్టారు. ఏటా ఒక అడుగు పెంచుతూ పోగా 2014కు ఆ విగ్రహం అరవై అడుగులయింది. నాయన సైఫాబాద్ మింట్‌లో పనిచేసేవాడు. ఇంట్లో మేం మాట్లాడేది ‘అస్తడు, పోతడు, గిట్ల, గట్ల’ భాష. గల్లీ దాటితే ఉర్దూ. పుస్తకాల తెలుగు బడిలోనూ రేడియోలోనూ విన్నదే.

రేడియో ఈ ఊళ్లో మొదట మోగింది మాకు రెండు మైళ్ల దూరంలో, ఆబిడ్స్ చిరాగలీ గల్లీలో. 1935లో నిజాం ప్రభుత్వం తన చేతికి తీసుకున్న ఆ దక్కన్ రేడియో 200 వాట్లది. 1948 సెప్టెంబర్ 17న నిజాం తన ఓటమిని ప్రజలకు చెప్పుకున్నది కూడా దక్కన్ రేడియోలోనే. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణి అయింది. నాకు ఊహ తెలిసేసరికి స్టేషన్ సైఫాబాద్‌లో ఉంది. మా ఇంటి నుంచి లక్డీకాపుల్ మీదుగా నడిచి పోవచ్చు. 1976లో అలాగే నడిచి వెళ్లి నాటకాల ఆడిషన్ ఇచ్చాను.

అక్కడ నేర్చుకున్నవి చిన్న చిన్న పనులు. కాగితాలకు పిన్ను తీసేసి, చదివిన పేజీని చప్పుడు కాకుండా తివాచీ మీదికి జారవిడవడం. అరవాలంటే మైకుకు పక్కకు తిరగడం, గుసగుస చెప్పాలంటే దగ్గరికి జరగడం. ‘శ’కూ ‘స’కూ తేడా చూపించడం. ఊపిరి ఎక్కడ పీల్చుకోవాలో పెన్సిలుతో గీత పెట్టుకోవడం. ‘బిడ్డా, ముఖం కనపడదు గనుక ముఖంలో ఉండేదంతా గొంతులోకి రావాలి’ అని ఒక పెద్దావిడ చెప్పింది. ఆ రోజు చెప్పింది రేడియో కోసమే అయినా నా బతుకంతా అదే పాఠం.

డబ్బింగ్ అనే పనికి తెలుగులో తొలి ఆనవాలు 1950 నాటి ‘ఆహుతి’. ‘నీరా ఔర్ నందా’ అనే హిందీ చిత్రాన్ని తెలుగు చేస్తే వచ్చింది అది. మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. ఆయన ‘మహాప్రస్థానం’ పుస్తకంగా అచ్చయిందీ ఆ 1950లోనే. ఒక చేత్తో తెలుగు కవిత్వం దారి మళ్లించిన మనిషి, ఇంకో చేత్తో హిందీ నటుల పెదవులకు తెలుగు మాటలు కొలిచి కుట్టాడు. ఆ పని ఆయన కవిత్వానికి తక్కువదని నేనెప్పుడూ అనుకోలేదు. మాత్రల లెక్క తెలియనివాడు డబ్బింగ్ రాయలేడు. హిందీలో ‘మై’ అంటే మొదటే పెదవులు కలుస్తాయి. మన ‘నేను’కు కలవవు. అక్కడ ‘మరి నేను’ అందామంటే నిడివి పెరిగిపోతుంది, ‘మేం’ అంటే అర్థం మారుతుంది. ‘హమ్’ అన్నచోట ‘మనం’ పెడితే చివరి మూత సరిపోతుంది. ఒక్కో మాటకూ ఇంత కథ ఉంటుంది.

తమిళం ఇంకో రకం తిప్పలు పెడుతుంది. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో, తెరిచిన నోటితో ముగుస్తుంది. తమిళం చాలాచోట్ల మూసిన నోటితో ఆగుతుంది. ‘వేండాం’ అని అక్కడి నటుడు పెదవులు బిగిస్తే, ఇక్కడ మనం ‘వద్దు’ అని నోరు వదిలేస్తే ఎలా కుదురుతుంది? అందుకని ‘అక్కర్లేదమ్మ’ అని చివర్లో ఒక ‘మ’ తగిలించి, ఆ మీది అచ్చును మింగేసేవాళ్లం. అరవ బొమ్మల తెలుగులో అన్ని అమ్మలూ, అబ్బలూ, బాబులూ, మామలూ ఎందుకుంటాయని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే. ‘పో’ అనే మాట మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే. అది వచ్చిన రోజు మాకు పండగ.

రేడియో నుంచి తెరకు, తెర నుంచి ఇంకొకరి గొంతుకు నడిచి వెళ్లినవాళ్లలో నా లెక్కన పెద్దాయన కొంగర జగ్గయ్యగారు. తెనాలి దగ్గర మోరంపూడి ఆయన ఊరు. ఢిల్లీలో ఆకాశవాణి తెలుగు వార్తలు చదివారు. హీరోగా, ప్రతినాయకుడిగా, తండ్రిగా దశాబ్దాలపాటు నటించారు. 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు గెలిచారు. రవీంద్రుడి కవిత్వాన్ని తెలుగు చేశారు. ఇంత పేరున్న మనిషి, శివాజీ గణేశన్ తమిళ చిత్రాలు తెలుగులోకి వచ్చినప్పుడు ఆయనకు గొంతు ఇచ్చారు. తన ముఖం తెర మీద తెలియనివారు లేని రోజుల్లో ఇంకొకరి ముఖం వెనక్కి వెళ్లి నిలబడ్డారు. శివాజీది గొంతుతోనే సగం నటన. ఒక వాక్యంలో పైనుంచి కిందికి మూడు మెట్లు దిగి మళ్లీ ఎక్కుతాడు. దానికి సమానంగా నిలవాలంటే కంచులాంటి గొంతు ఉంటే చాలదు, అవతలి నటుడి ఊపిరి ఎక్కడ తెగుతుందో తెలియాలి. డబ్బింగ్ అంటే నటన రానివాళ్ల పని అని ఎవరైనా అంటే నేను జగ్గయ్యగారి పేరు చెబుతాను.

నేను ఆ గదిలోకి అడుగుపెట్టింది 1983లో. రేడియోలో నా చిన్నపిల్లల గొంతు విన్న ఒకాయన కబురు పంపాడు. చిన్నపిల్లల పాత్రలకు ఎక్కువగా ఆడవాళ్లమే చెప్పేవాళ్లం. పిల్లలు రాత్రిళ్లు మేలుకోలేరు, ఒకే మాటను పదిహేనుసార్లు అదే ఏడుపుతో చెప్పలేరు. మగపిల్లవాడి గొంతు పన్నెండు దాటగానే మారిపోతుంది. నా గొంతు యాభై దాటినా ఏడేళ్ల దగ్గరే ఉంది.

ఆ కాలంలో పని లూపుల మీద నడిచేది. ఒక రీలంటే దాదాపు పది నిమిషాల బొమ్మ. దాన్ని నాలుగైదు డైలాగులకొక ముక్కగా కత్తిరించి, ముక్క మొదలునూ చివరనూ అతికించి ప్రొజెక్టర్‌కు ఎక్కించేవారు. ఆ ముక్క ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అదే పిల్లవాడు, అదే గుమ్మం, అదే ఏడుపు. చెవిలో అసలు భాష పైలట్ ట్రాక్ వినిపిస్తుంది. నాలుగుసార్లు చూసి, అయిదోసారి పెదవులతో అనుకుని, ఆరోసారి ‘టేక్’ అంటారు. ఒక్క మైకు. దాని చుట్టూ తండ్రి, తల్లి, పోలీసు, నేను. ఎవరు తడబడినా అందరూ మళ్లీ మొదటి నుంచి. అందుకే కొత్తవాళ్లకు వణుకు. తప్పు చేసినవాడిని ఎవరూ ఏమీ అనరు గాని ఆ మౌనం చాలు. పక్కన సీనియరు ఉంటే ఆయన మోచేత్తో మెల్లగా తట్టి మన వంతు గుర్తుచేసేవాడు. ఏసీ చప్పుడు మైకులో పడుతుందని టేక్‌కు ముందు ఆపేసేవారు. మే నెలలో ఆ గదిలో పట్టుచీర కట్టుకోకూడదు, చెమట సంగతి అటుంచి, పట్టు గరగరమంటుంది. గాజులు తీసి పర్సులో వేసుకునేవాళ్లం.

గుంపు సీన్లకు ‘క్రౌడ్’ చెప్పేవాళ్లం. పదిమందిమి వంద మందిలాగా వినపడాలి. ఒకసారి దగ్గర నిలబడి, ఒకసారి గోడవైపు తిరిగి, ఒకసారి చీరకొంగు నోటికి అడ్డం పెట్టి అరిచేవాళ్లం. తెలుగు సినిమాల్లో ఎన్ని ఊళ్లు తగలబడ్డాయో అన్ని ఊళ్లలోనూ నేనున్నాను.

తర్వాత టేపు వచ్చింది, వెనక్కి తిప్పి తప్పిన మాట దగ్గర అందుకునే వీలు వచ్చింది. తొంభైల చివరికి కంప్యూటర్ వచ్చింది. ఇప్పుడు ఒక్కొక్కరూ ఒంటరిగా, వేర్వేరు రోజుల్లో వచ్చి తమ ట్రాక్ తాము చెప్పి వెళ్లిపోతారు. తల్లి ఏడుపు సోమవారం, కొడుకు జవాబు శుక్రవారం. పని సులువయింది, నిజమే. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి చెప్పిన మాటలో ఉండే వేడి మాత్రం తగ్గిందని నా నమ్మకం.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న ఇంటి సంగతి. పూడిపెద్ది జోగేశ్వర శర్మగారిని పరిశ్రమలో పి.జె.శర్మ అనేవారు. విజయనగరం ప్రాంతం, నాటకరంగం నుంచి వచ్చారు. సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేస్తూ, వందల సినిమాలకు గొంతు ఇచ్చారు. భార్య కృష్ణజ్యోతిగారు కన్నడ నటి, రాజ్‌కుమార్ సరసన నటించారు. వాళ్ల పెద్దబ్బాయి సాయికుమార్, తర్వాతివాళ్లు రవిశంకర్, అయ్యప్ప శర్మ. తండ్రి పద్యనాటకం నేర్పే క్రమశిక్షణతో పెంచిన పిల్లలు. పద్యం చదివే గొంతుకు ఒక లక్షణం ఉంటుంది. వాక్యం చివర గాలి అయిపోదు. చివరి అక్షరం కూడా మొదటి అక్షరమంత బలంగా నిలబడుతుంది. సాయికుమార్ గొంతులో మనం ఇష్టపడేది ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ చివరి అక్షరాన్నే చూపిస్తాను.

ఆయన పిల్లవాడిగానే మైకు ముందుకొచ్చారు. 1977లో బాపుగారి ‘స్నేహం’లో నటించారు. నటుడిగా అవకాశాలు వరసగా రాలేదు. గొంతుకు మాత్రం తీరిక లేకుండా పోయింది. ఎనభైల్లో సుమన్‌కు ఆయనే, రాజశేఖర్‌కు ఆయనే. ఒకే ఊళ్లో రెండు థియేటర్లలో ఇద్దరు వేర్వేరు హీరోలు, ఒకే మనిషి గొంతుతో మాట్లాడుతున్నారు.

‘అంకుశం’ 1989లో వచ్చింది. ఆబిడ్స్‌లో మా ఆయనతో కలిసి సెకండ్ షో చూశాను. పోలీస్ అధికారిగా రాజశేఖర్ నిలబడి మాట్లాడుతుంటే హాల్లో ఈలలు. మా ఆయన కూడా కుర్చీ చివరికి వచ్చి కూర్చున్నాడు. ‘ఏం నటుడే’ అన్నాడు. అది నిజమే, ఆ కోపం, ఆ చూపు రాజశేఖర్‌వే. కానీ నేను కళ్లు మూసుకుని విన్నాను. చీకట్లో ఇంకో మనిషి కనిపించాడు, మైకుకు జానెడు దూరంలో నిలబడి, మెడ నరాలు పొంగి, తన ముఖం ఎవరూ చూడరని తెలిసి కూడా ముఖమంతా కదిలిస్తున్న మనిషి. సినిమా అయ్యాక నాంపల్లి వైపు నడుస్తూ మా ఆయనతో చెప్పాను, నువ్వు ఈల వేసిన దాంట్లో సగం సాయికుమార్‌గారిది అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మరి ఆయనకు చెప్పేదెట్లా?’ అన్నాడు.

ఆ ‘అంకుశం’కు దర్శకుడు కోడి రామకృష్ణ, నిర్మాత శ్యాంప్రసాద్‌రెడ్డి. ఇరవై ఏళ్ల తర్వాత, 2009 సంక్రాంతి రోజుల్లో, అదే నిర్మాత, అదే దర్శకుడు ‘అరుంధతి’ తీశారు. అందులో పశుపతిగా నటించింది సోనూ సూద్. పంజాబ్ నుంచి వచ్చిన నటుడు. ఆయనకు గొంతు రవిశంకర్. తమ్ముడు. అన్న గొంతు హీరో రోషానికి, తమ్ముడి గొంతు ప్రేతాత్మ పగకు. ‘బొమ్మాళీ’ అనే పిలుపు ఊరూరా పిల్లల నోట్లో నానింది, చివరికి ఆ మనిషి పేరు ముందు చేరి బొమ్మాళీ రవిశంకర్ అయింది. ‘బొమ్మాళీ’లో బ దగ్గర ఒకసారి, మ్మ దగ్గర ఒకసారి పెదవులు బిగుస్తాయి. ఆ రెండు బిగింపుల మధ్య ఆయన పట్టి ఉంచిన ఊపిరిని నేను థియేటర్లో మూడుసార్లు వెళ్లి విన్నాను. అది చదువుకునే పాఠం.

1995లో ‘బాషా’ తెలుగులో వచ్చినప్పుడు రజనీకాంత్‌కు గొంతు సాయికుమార్‌ది. తర్వాత ‘ముత్తు’ నుంచి రజనీకి గాయకుడు మనో చెప్పసాగారు, ఆయనా దాన్ని తనదిగా చేసుకున్నారు. 1996లో కన్నడంలో ‘పోలీస్ స్టోరీ’ వచ్చింది. అగ్ని అనే పోలీసుగా సాయికుమార్ తన సొంత ముఖంతో, సొంత గొంతుతో నిలబడ్డారు. ఆ సినిమాలోని ‘నాలుగో సింహం’ డైలాగు తెలియని తెలుగువాడు ఈరోజుకీ ఉండడు. ఇందులో ఒక సంగతి గమనించాలి. కన్నడ పరిశ్రమ పరభాషా చిత్రాల డబ్బింగ్‌ను 1960ల నుంచి దశాబ్దాలపాటు ఒప్పుకోలేదు. 2015లో కాంపిటీషన్ కమిషన్ తీర్పు వచ్చేదాకా ఆ కట్టుబాటు గట్టిగా నడిచింది. గొంతు అద్దెకివ్వడం కుదరని ఆ నేల మీదే, తల్లి నటించిన ఆ నేల మీదే, ఈ గొంతు మనిషి నాయకుడయ్యాడు. శర్మగారు 2014 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. కొడుకుల పేర్లు పోస్టర్ల మీద చూసి వెళ్లారు, అది నాకు తృప్తి.

ఇటలీలో ఇలాంటి ఇల్లే ఒకటి ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఫెరూచో అమెండోలా. 1930లో టూరిన్‌లో నటుల ఇంట్లో పుట్టాడు. పిల్లవాడిగా డబ్బింగ్‌లోకి వచ్చాడు. 1945లో రోసెలీనీ తీసిన ‘రోమ్, ఓపెన్ సిటీ’లో చిన్నపిల్లవాడు మార్చెల్లోకు గొంతు అతనిదే. పెద్దయ్యాక సినిమాల్లో నటించాడు, టెలివిజన్‌లో నటించాడు, కానీ ఇటలీ జనం గుండెలో పెట్టుకున్నది గొంతును. రాబర్ట్ డి నీరో, అల్ పాచీనో, డస్టిన్ హాఫ్‌మన్, సిల్వెస్టర్ స్టాలోన్, నలుగురూ ఇటలీలో ఎక్కువగా అతని గొంతుతోనే మాట్లాడారు. భార్య రీటా సవాన్యోనే కూడా డబ్బింగ్ నటే. కొడుకు క్లాడియో నటుడు. 1995లో ‘హీట్’ వచ్చినప్పుడు పెద్ద చిక్కొచ్చింది. డి నీరో, పాచీనో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. ఒకే గొంతు ఇద్దరికీ ఎట్లా? డి నీరోకు అమెండోలా చెప్పాడు. పాచీనోకు జాంకార్లో జానీనీ అనే మరో పెద్ద నటుడు చెప్పాడు. సుమన్, రాజశేఖర్ ఒకే సీన్లో ఎదురుపడితే ఏమవుతుందని మేం మా థియేటర్ బయట టీ తాగుతూ అనుకున్న రోజులు నాకు గుర్తొచ్చాయి.

అక్కడ ఆ కళ మొదలైన కారణం వేరు. 1930లో ముస్సోలినీ ప్రభుత్వం తెర మీద పరాయి భాష వినపడరాదని ఆజ్ఞ వేసింది. దాంతో రోమ్‌లో డబ్బింగ్ గదులు లేచాయి. బలవంతం మీద పుట్టినా, జనం ఆ గొంతుల పేర్లు నేర్చుకున్నారు. హాస్యజంట లారెల్ హార్డీలో లావాటి హార్డీకి ఇటలీలో గొంతు ఇచ్చిన అల్బెర్టో సోర్డీ ఆ తర్వాత ఆ దేశపు పెద్ద సినిమా నటుల్లో ఒకడయ్యాడు. 2001లో అమెండోలా చనిపోయాడు. డి నీరో ముఖం చూస్తే వాళ్లకు ఇప్పటికీ అమెండోలా వినిపిస్తాడు.

మన దగ్గరా కొన్ని గొంతులకు పేరుంది, ఎక్కువగా వాళ్లకు వేరే రంగంలో ముందే పేరుండటం వల్ల. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు ‘మన్మథలీల’తో కమల్‌హాసన్‌కు చెప్పడం మొదలుపెట్టారు. 2008 నాటి ‘దశావతారం’లో పది పాత్రల్లో ఏడింటికి, ముసలావిడతో సహా, ఆయనే చెప్పారు. అటెన్‌బరో ‘గాంధీ’ తెలుగులో బెన్ కింగ్‌స్లీకి ఆయనే. ‘అన్నమయ్య’లో సుమన్ వేంకటేశ్వరుడైతే ఆ దేవుడి గొంతు బాలుగారిది, దానికి నంది కూడా వచ్చింది. ఆడవాళ్లలో ‘మరోచరిత్ర’ సరిత విజయశాంతి, నగ్మా, సౌందర్యల నోట మాట్లాడారు. 1967లో ‘భక్త ప్రహ్లాద’లో మగపిల్లవాడిగా నటించిన రోజారమణి, పెద్దయ్యాక ఎందరో కథానాయికలకు గొంతయ్యారు. ‘ఆనంద్’లో కమలినీ ముఖర్జీకి గాయని సునీత, ‘ఏ మాయ చేసావె’లో సమంతకు చిన్మయి. 2023 జనవరిలో చెన్నైలో పోయిన శ్రీనివాసమూర్తిగారు సూర్యకూ అజిత్‌కూ విక్రమ్‌కూ తెలుగు గొంతు. ఆయన గొంతు తెలియని ఇల్లు లేదు, ఆయన ముఖం తెలిసిన ఇల్లు ఎన్నని?

ఒక మాట మనసులో దాచుకోలేను. డబ్బింగ్ తెలుగు అంటే ఒకే తెలుగు. హీరోకు, హీరోయిన్‌కు, దేవుడికి, కలెక్టర్‌కు ఒక భాష. మా ఇంటి భాష మాత్రం రౌడీకి, నౌకరుకు, నవ్వించేవాడికి. ఒక రికార్డింగ్‌లో తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడి పాత్రకు నేను ఏడుస్తూ అలవాటుగా ‘అవ్వా’ అన్నాను. నిజమైన ఏడుపు వచ్చినప్పుడు నాకొచ్చే మాట అదే. అద్దం అవతల నుంచి నవ్వు వినిపించింది. ‘అమ్మా అనండి, కామెడీ అయిపోతుంది’ అన్నారు. ‘అమ్మా’ అన్నాను. పెదవులూ సరిగ్గా కలిశాయి. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు. అందుకే 2017లో ‘ఫిదా’లో తమిళనాడు అమ్మాయి సాయిపల్లవి బాన్సువాడ పిల్ల భానుమతిగా, తన గొంతుతో తానే, మా భాషలో ప్రేమించి, మా భాషలో పోట్లాడి, మా భాషలో ఏడ్చినప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. నా పక్కన కూర్చున్న కోడలికి ఎందుకో అర్థం కాలేదు.

నా పేరు తెర మీద రెండేసార్లు వచ్చింది. రెండుసార్లూ తప్పుగా రాశారు. పిల్లల గొంతులకు పేరు వేసే అలవాటే లేదు. ఒక సంస్థ నాకు తొమ్మిది సినిమాల డబ్బు ఇవ్వలేదు. రసీదు లేదు, టైటిల్స్‌లో పేరూ లేదు, ఇక నేను చెప్పానని రుజువు ఏముంది? నా గొంతే రుజువు అంటే, గొంతు ఆ పిల్లవాడిది కదా. పేరు వేయడం గౌరవానికి మాత్రమే అనుకుంటారు. అది కూలికి సాక్ష్యం కూడా.

ఇప్పుడు మా ఖైరతాబాద్‌లోనే, హుస్సేన్ సాగర్ ఒడ్డున ప్రసాద్స్ ఉంది. 2003లో తెరిచారు. తెలుగులో తొలి టాకీ 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’లో నటించిన ఎల్.వి. ప్రసాద్‌గారి కుటుంబం కట్టించిన హాలు. 2019లో మనవడిని తీసుకుని ‘ది లయన్ కింగ్’ తెలుగులో చూడ్డానికి అక్కడికి వెళ్లాను. సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ. తండ్రి సింహం ముఫాసాకు రవిశంకర్. ఈసారి గొంతుల పేర్లు సినిమాకు ముందే పత్రికల్లో వచ్చాయి. సింహానికి పెదవులు మనిషివి కావు గనుక ‘ప, బ, మ’ల బాధ కొంత తక్కువ. అయినా ఆయన ఎక్కడా తేలిగ్గా తీసుకోలేదని చెవులకు తెలిసిపోయింది. తండ్రి కొడుకుతో మాట్లాడే చోట నాకు శర్మగారు గుర్తొచ్చారు. మనవడు ‘ఈ సింహం ఎవరు నానమ్మా?’ అని అడిగాడు. చెప్పాను. వాళ్ల అన్న పేరు చెప్పాను, వాళ్ల నాయన పేరు చెప్పాను. ‘మరి పిల్ల సింహం?’ అన్నాడు. చిన్నప్పటి సింబాకు చెప్పింది ఎవరో చూద్దాం అని కూర్చున్నాం.

బొమ్మ అయిపోగానే హాలు ఖాళీ అయింది. ఊడ్చేవాళ్లు వచ్చారు. అక్షరాలు చాలా చిన్నవి, వేగంగా పైకి పోయాయి, నా కళ్లకు అందలేదు. ఎవరో ఒక పిల్లవాడో, నాలాంటి ఒక ఆడమనిషో ఆ పేర్లలో ఉండి ఉంటారు. చదివే కళ్లున్నవాళ్లు ఈసారి డబ్బింగ్ సినిమాకు వెళ్లినప్పుడు ఆ రెండు నిమిషాలు కూర్చోండి. తెలుగు గొంతుల పేర్లు వస్తే పైకి చదవండి, పక్కవాళ్లకు వినపడేలా. రాకపోతే బయటికొచ్చేటప్పుడు మేనేజర్‌ను, నిర్మాతను, ఎవరు ఎదురుపడితే వాళ్లను ఒక్క మాట అడగండి: ఆ పిల్లవాడికి చెప్పింది ఎవరు?